వలపక్షం లేని మేత

మా అత్తగారి కోళ్లు తిరిగి రావాలని ఆవిడకంటే ఎక్కువగా కోరుకున్నది నేను. వాటిని తీసుకుపోయింది కూడా నేనే కాబట్టి అందులో నా గొప్పేమీ లేదు.

నేను పశువుల ఆసుపత్రిలో సహాయకురాలిని. పదిహేడేళ్లుగా ఇంటింటికీ తిరిగి కోళ్లకు టీకాలు వేస్తున్నాను. నా అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. అందరికీ నేను సూదమ్మని. సంచి భుజాన వేసుకుని నేను వీధి మొదట్లోకి రాగానే కోళ్లకంటే ముందు పిల్లలు పారిపోతారు. ఒకప్పుడు దీనికి నాకు నవ్వొచ్చేది.

కిందటేడు మార్కెట్టు వైపు కోళ్లకు జబ్బు తగిలింది. రెండు రోజుల్లో గంపలకు గంపలు ఖాళీ అయ్యాయి. జబ్బు కనపడ్డ చోటు నుంచి కిలోమీటరు లోపల ఒక్క కోడి కూడా మిగలకూడదని పైనుంచి ఆర్డరు వచ్చింది. ఆఫీసులో ఊరి పటం మీద ఆ వృత్తం గీసింది నేనే. మా డాక్టరుగారికి చెయ్యి కాస్త వణుకుతుంది, గీత నిలవదు. పెన్సిల్ గీత సరిగ్గా మా ఇంటి మీదుగా పోయింది. ఇంకాస్త సన్నగా చెక్కి ఉంటే మేం బయటపడేవాళ్లం.

"గీత మీద ఉన్న ఇళ్లు లోపలికా, బయటికా?" అని అడిగాను.

"నువ్వే చెప్పమ్మా, గీసింది నువ్వేగా" అన్నారు డాక్టరుగారు. ఆయన వెటకారంగా అనలేదు, నిజంగానే నాకు వదిలేశారు.

లోపలికే అన్నాను. ఎదురింటి వాళ్ల కోళ్లు చంపి మావి వదిలేస్తే ఆ వీధిలో ఇంకేం మొహం పెట్టుకుని తిరుగుతాను? మా ఇంటికి వేరేవాళ్లను పంపకుండా నేనే వెళ్లాను. పరాయి చెయ్యి పడితే కోళ్లు బెదిరిపోతాయి, నాదైతే తెలిసిన చెయ్యి కదా అనుకున్నాను. ఇంత తెలివితక్కువ ఆలోచన నా జన్మలో ఇంకోటి చెయ్యలేదు. తెలిసిన చెయ్యి కాబట్టే అవన్నీ గింజలు వేస్తానని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాయి.

నలభై ఒకటి. అన్నీ అయ్యేదాకా అత్తయ్య వంటింటి గడప మీద చేట ఒళ్లో పెట్టుకుని గింజలు ఏరుకుంటూ కూర్చుంది. లేవలేదు, తలెత్తలేదు, ఏరడం ఆపలేదు. నేను సంచులు బండికెక్కించి, సున్నం చల్లి, తొడుగులు విప్పేసి వచ్చాక, "స్నానం చేసి రా అమ్మాయ్, వడ్డిస్తాను" అంది. వడ్డించింది. తిన్నాను. ఏం తిన్నానో గుర్తు లేదు.

ఆ రోజు నుంచి నాకు ఏదీ తగలడం మానేసింది. కూరలో ఉప్పు లేదని మా ఆయన చెబితేగానీ తెలిసేది కాదు. పొయ్యి మీది గిన్నె ఒట్టి చేత్తో దించి, చర్మం ఎర్రబడ్డాక చూసుకున్నాను. ఎవరైనా జోకు వేస్తే అందరూ నవ్వడం చూసి, ఇక్కడ నవ్వాలి కాబోలు అని నవ్వేదాన్ని. ఆఫీసులో మాత్రం నా పని బాగుందన్నారు. బాగుండక ఏం చేస్తుంది, చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి.

అత్తయ్య నాతో మాట్లాడటం మానలేదు. మానేసినా బాగుండేది. ఎదురింటావిడ మోకాళ్ల గురించి, నీళ్లు రాకపోవడం గురించి, మా ఆయన గురక గురించి అన్నీ మాట్లాడేది. కోళ్ల మాట మాత్రం ఎత్తేది కాదు. పెరట్లో గూడు కడిగి, తలుపు తీసిపెట్టి వదిలేసింది. పొద్దున్నే లేవగానే కాళ్లు అలవాటుగా అటు నాలుగడుగులు వేసేవి, మళ్లీ వెనక్కి తిప్పుకునేది. నేను కిటికీలోంచి చూసేదాన్ని. బాధ కలగాలని నాకు తెలుసు. తెలియడం వరకే.

కోళ్లు పెంచకూడదన్న నిషేధం పది నెలలకు ఎత్తేశారు. ఆ వారంలోనే డాక్టరుగారు కొత్త కబురు చెప్పారు. పరిశోధన కేంద్రం వాళ్లు నాటు కోళ్ల మీద ఒక పరీక్ష పెడుతున్నారట. కొట్టులో దొరికే దాణా దూరం నుంచి లారీల్లో రావాలి, వానల్లో దారి మూసుకుపోతే కోళ్లకు పస్తే. అందుకని పెరట్లోనే పెరిగే అలసంద, పిల్లిపెసర లాంటి తీగలు కోసి, ఎండబెట్టి, ఆ ఆకుపొడి దాణాలో కలిపి పెడితే కోళ్లు ఎలా ఎదుగుతాయో చూడాలి. ఒక ఇల్లు కావాలి. ఇరవై నాలుగు పిల్లలు ఇస్తారు. సగానికి ఒట్టి కొట్టు దాణా, సగానికి ఆరు పాళ్లలో ఒక పాలు ఆకుపొడి కలిపిన దాణా. పన్నెండు వారాలు. ఆకు తిన్నవి తినని వాటితో సమానంగా తూగితే కోళ్లన్నీ ఆ ఇంటికే వదిలేస్తారు, తీగ విత్తనాలు ఊరంతా పంచుతారు. వెనకబడితే అన్నిటినీ కేంద్రానికి తీసుకుపోయి, కోసి, లోపల ఏం జరిగిందో చూస్తారు.

"ఏ ఇల్లు రాయమంటావు?" అన్నారు.

"మాది."

ఆయన కలం ఆపి నా వైపు చూశారు. ఏదో అందామనుకుని మానేశారు. ఆయనలో నాకు నచ్చేది అదే.

ఇంటికొచ్చి చెబితే అత్తయ్య చేతిలోని చేట కింద పెట్టింది. తర్వాత, "ఎన్ని?" అంది.

"ఇరవై నాలుగు."

"అప్పుడే గుడ్డులోంచి వచ్చినవా, కాస్త తిరిగేవా?"

"నాలుగు వారాలవి. ముందు తీగలు పెరగాలి, ఆ తర్వాత వస్తాయి."

మర్నాడు నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి పెరటి మూల ఖాళీ అయిపోయి ఉంది. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. ఎప్పటికైనా పనికొస్తాయని పాత బస్సు సీట్లు ఆ మూల పోగేశాడు. వాటిని అత్తయ్య ఒక్కతే ఈడ్చి వీధి వరండాలో పెట్టింది. అరవై ఎనిమిదేళ్ల మనిషి. "ఇదేంటమ్మా, ఇల్లనుకున్నావా బస్‌స్టాండనుకున్నావా?" అని మా ఆయన గోల పెడితే, "టిక్కెట్టు అడగలేదుగా, కూర్చో" అంది. చాలా రోజులకు ఆవిడ నోట్లోంచి అలాంటి మాట వచ్చింది.

తీగలు నెలన్నరకు మోకాలెత్తు అల్లుకున్నాయి. మొదటి పూలు కనపడగానే కొయ్యాలని, ఆలస్యమైతే కాడ ముదిరి కోళ్లకు అరగదని నేను చెప్పాను. మిగతాదంతా ఆవిడే నేర్చుకుంది. ఎండలో ఆరబెడితే ఆకు కాగితంలా తెల్లబోతుంది, సత్తువ పోతుంది. నీడలో గాలికి ఆరితే పచ్చదనం నిలుస్తుంది. అందుకని మా ముందు గది, వరండా, బస్సు సీట్లు, అన్నిటి మీదా పాత దుప్పట్లు పరిచి ఆకు ఆరబోసింది. రెండు పూటలా తిరగేసేది. గలగలమన్నాక రెండు చేతులతో నలిపి, కాడలు ఏరేసి, జల్లెడ పట్టేది. ఇల్లంతా ఎండుగడ్డి వాసన. మా ఆయన అద్దంలో తల దువ్వుకుంటే పచ్చటి పొడి రాలేది. "మనింట్లో మనుషులుంటున్నారా, మేకలుంటున్నాయా?" అనేవాడు. జవాబు చెప్పే తీరిక ఎవరికీ లేదు.

పిల్లలు వచ్చాయి. గూటిని మధ్యలో ఇనుప జాలీతో రెండు అరలు చేశాను. కొట్టు దాణా తినేవాటి కాళ్లకు ఎర్ర రింగులు, ఆకుపొడి తినేవాటికి నీలం రింగులు. రెండు బేసిన్లు, రెండు డబ్బాలు. అత్తయ్యను గూటి ముందు నిలబెట్టి చెప్పాను.

"అత్తయ్యా, ఎర్ర వాటికి ఆకు పెట్టకూడదు. ఒక్క ఆకు కూడా. నీలం వాటికి వాటి డబ్బాలోదే. అటుది ఇటు, ఇటుది అటు వద్దు. అలా అయితేనే పరీక్ష."

"సరే" అంది.

మా అత్తగారి నోట్లో సరే అంటే విన్నాను అని అర్థం. చేస్తాను అని కాదు. పదిహేడేళ్లు కాపురం చేసి ఆ సంగతి నేను మర్చిపోయాను.

ఇక్కడ ఆవిడ గురించి ఒక మాట చెప్పాలి. ఆవిడకు ముగ్గురు కొడుకులు. చిన్నప్పుడు పాలు మూడు గ్లాసుల్లో పోసి, గ్లాసులు పక్కపక్కన పెట్టి, నడుం వంచి కంటిని గ్లాసుల ఎత్తుకు తెచ్చి చూసేదట. ఒక గ్లాసులో చుక్క ఎక్కువుంటే చెంచాతో తీసి పక్క గ్లాసులో వేసేదట. ఇప్పటికీ బిస్కెట్టు విరిస్తే రెండు ముక్కలూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తుంది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో, కొడుకుకు చొక్కాగుడ్డ కొంటే కోడలికీ అంత గుడ్డ కొని, గజం బద్దతో రెండూ కొలిచింది. వలపక్షం అన్న మాట వింటేనే ఆవిడకు ఒళ్లు మండుతుంది. అలాంటి మనిషికి రెండు బేసిన్లు ఇచ్చి, వాటికొకటి వీటికొకటి పెట్టమన్నాను.

వారం వారం తూకం వేసేదాన్ని. మా ఆయన పాత చొక్కా చెయ్యి కత్తిరించి సంచిలా కుట్టాను. పిల్లను తల ముందుగా అందులోకి దూరిస్తే చీకటికి కిమ్మనకుండా ఉంటుంది. కొక్కేనికి తగిలించి త్రాసు ముల్లు చూసి రాసుకోవడమే. "నా చొక్కా తొడుక్కుని నాకంటే ముందు ఒళ్లు చేస్తున్నాయి" అనేవాడు మా ఆయన. నవ్వాలి కాబట్టి నవ్వాను.

అత్తయ్య మాత్రం నిజంగానే నవ్వింది. ఆవిడ వాటికి పేర్లు కూడా పెట్టింది. ఎప్పుడూ తలుపు దగ్గరే నిలబడే పుంజుపిల్ల ఇన్‌స్పెక్టరు. పిలిస్తే పలకని నల్ల పెట్ట చెవిటిది. ఒకదాని మీద ఒకటి ఎక్కి మేత తినే రెండిటికి తోడికోడళ్లని పేరు. మధ్యాహ్నాలు గూటి ముందు పీట వేసుకుని వాటితో కబుర్లు చెప్పేది. రాత్రి భోజనాల దగ్గర వాటి ముచ్చట్లే. "చెవిటిది ఇవాళ ఇన్‌స్పెక్టరును ఒక్క పోటు పొడిచిందిరా" అని కొడుకుతో చెబుతూ చేతులు తిప్పేది. ఈ కోళ్లు పోతే ఈ మనిషి మళ్లీ లేవదు, ఈసారి గడప మీద కూడా కూర్చోదు అని నాకు స్పష్టంగా తెలుసు. ఆ భయం కూడా ఎవరో చెప్పగా విన్నట్టే ఉండేది.

తూకాలు అద్భుతంగా వచ్చాయి. నాలుగో వారం, ఆరో వారం, ఎనిమిదో వారం, ఎర్రా నీలం రెండూ పక్కపక్కనే. నేను కాగితం ఆఫీసుకు తీసుకెళ్తే డాక్టరుగారు కళ్లజోడు నుదుటికెక్కించి, "ఇంత దగ్గరగానా! మన తీగ గట్టిదే సుమా" అని మురిసిపోయారు. కేంద్రం వాళ్లకు ఫోను చేసి చెప్పారు. విత్తనాలు ఏ ఏ వీధులకు ముందు పంచాలో జాబితా కూడా వేయించడం మొదలుపెట్టారు.

తొమ్మిదో వారం రింగులు బిగుతయ్యాయి, మార్చాలి. ఒక్కొక్క కోడిని ఒళ్లో పెట్టుకుని కాలు పట్టుకున్నాను. నీలం వాటి కాళ్లు పసుపు రాసినట్టున్నాయి. ఉండాలి కూడా. ఈ రకం కోడి ఏం తింటుందో కాళ్లలో కనపడిపోతుంది. ఆకు తింటే పసుపు రంగు తేలుతుంది, ఒట్టి నూకల దాణా తింటే పాలిపోతుంది. ఎర్ర అరలోంచి మొదటి కోడిని తీశాను. పసుపు. రెండోది. పసుపు. పన్నెండూ చూశాను. అన్నీ ఒకే రంగు. రింగులు మార్చి, లోపల వదిలి, తలుపు గడియ పెట్టాను. అత్తయ్య వంటింట్లో ఏదో కూనిరాగం తీస్తోంది.

రెండు రోజుల తర్వాత టీకాల పెట్టె మర్చిపోయి మధ్యాహ్నం పూట ఇంటికొచ్చాను. పెరటి తలుపు దగ్గర ఆగిపోయాను. అత్తయ్య రెండు బేసిన్లూ పక్కపక్కన పెట్టుకుని కూర్చుంది. దీంట్లోంచి పిడికెడు తీసి దాంట్లో, దాంట్లోంచి పిడికెడు తీసి దీంట్లో. వేసి, నడుం వంచి, రెండు బేసిన్లలోకీ చూసింది. ఇంకో చిటికెడు మార్చింది. జాలీ అవతల నుంచి మెడలు చాపిన ఎర్ర రింగుల వాటితో, "ఆగండర్రా, మీకూ పెడుతున్నాగా. ఎవరన్నారు మీకు లేదని?" అంది.

నేను పెట్టె తీసుకుని, చప్పుడు కాకుండా, వచ్చిన దారినే వెళ్లిపోయాను.

ఎందుకు చెప్పలేదని నన్ను అడగొచ్చు. నేనూ అడుక్కున్నాను. అత్తయ్యతో చెబితే మానేస్తుంది, కానీ చెడాల్సింది అప్పటికే చెడింది. డాక్టరుగారితో చెబితే పరీక్ష రద్దు, కోళ్లు వెళ్లిపోతాయి. నోరు మూసుకుంటే కోళ్లు ఇంట్లో ఉంటాయి, ఆకు పనిచేస్తుందో లేదో తెలియకుండానే ఊరంతా విత్తనాలు పంచుతారు. ఒకసారి రూలు పాటించాను, దాని ఫలితం చూశాను. ఈసారి పాటించకుండా చూద్దాం అనుకున్నాను. తప్పు చేస్తున్నానని గుండె దడ అయినా రావాలి కదా, అదీ రాలేదు. పదో వారం, పదకొండో వారం తూకాలు అదే చేతివ్రాతతో రాసుకుపోయాను.

కనీసం డాక్టరుగారి ముందు ఈ మాట అనకు అని ఆవిడను హెచ్చరించి ఉండాల్సింది. దానికి నేను ఆవిడ ఎదురుగా కూర్చుని కోళ్ల మాట ఎత్తాలి. ఆ మాట ఎత్తితే పాత మాట కూడా దాని వెనకే వస్తుంది. మా ఇద్దరి మధ్యా ఏడాదిగా ఆ తలుపు మూసే ఉంది. తెరిచే ధైర్యం నాకు లేకపోయింది.

పన్నెండో వారం డాక్టరుగారు వచ్చారు. వ్యాను, డ్రైవరు, వెనక నాలుగు ఖాళీ క్రేట్లు. అవి ఎందుకని అడిగితే, "రూలమ్మా, అటో ఇటో తేలేదాకా వెంట ఉండాలి" అన్నారు. అత్తయ్య ఇస్త్రీ చీర కట్టుకుని, ఎదురింటి నుంచి మంచి కుర్చీ అరువు తెచ్చి ఆయనకు వేసింది. ఆయన చెప్పినట్టు నేను ఒక్కొక్కదాన్నీ చొక్కా చేతిలోకి దూర్చి త్రాసుకు తగిలించాను. ఆయన ముల్లు చూసి చదివారు. కాళ్ల వైపు చూడలేదు. ఆయనకు అంకెలంటేనే ఇష్టం.

లెక్క తేలింది. సగటున పన్నెండు గ్రాముల తేడా. అంతే.

"పెద్దమ్మా, కోళ్లు మీవే!" అన్నారు లేచి నిలబడి. "ఈ ఆకు సంగతి రేపటి నుంచి ఊరంతా మాట్లాడుకుంటుంది. కాగితం మీద సంతకం పెట్టు సూదమ్మా."

పెట్టాను.

"అయినా మీ పెంపకం గొప్పదండీ" అన్నారాయన, కలం జేబులో పెట్టుకుంటూ. "రెండు అరలూ ఇంత సమానంగా ఎదగడం నా సర్వీసులో చూడలేదు."

అత్తయ్య మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూడగానే ఏం రాబోతోందో నాకు తెలిసిపోయింది. "అత్తయ్యా, మంచినీళ్లు తెస్తారా" అన్నాను. వినలేదు.

"ఎందుకు ఎదగవు బాబూ? నా చేతి కింద పెరిగినవాటికి వలపక్షం ఉంటుందా? ఈ అమ్మాయి వీటికొకటి వాటికొకటి అంది. చెప్పడానికేం, చెబుతుంది. పక్కదానికి పచ్చగా పెట్టి, దీని మొహాన చప్పిడి నూక కొడితే దానికి మాత్రం ఉసూరుమనదూ? మొదటి రోజు నుంచీ రెండూ కలిపి సమానంగా పెట్టా. గింజ తేడా రానివ్వలేదు. మా ముగ్గురు మగపిల్లల్నీ అలాగే పెంచా."

డాక్టరుగారు మెల్లగా మళ్లీ కుర్చీలో కూర్చున్నారు. డ్రైవరు ఆకాశం వైపు చూశాడు.

"నీకు తెలుసా?" అన్నారు నాతో.

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"తొమ్మిదో వారం నుంచి."

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. సంతకం పెట్టిన కాగితం నాలుగు మడతలు పెట్టారు. "ఆకు మంచిదే అయ్యుండొచ్చు. కాకపోనూవచ్చు. తెలియకుండా ఊరికి విత్తనాలు పంచలేనమ్మా. కోళ్లు కేంద్రం వాళ్లవి, వెనక్కి పోవాల్సిందే. వచ్చే పంటకు రెండు వేరు వేరు ఇళ్లలో పెడదాం. ఈ ఇల్లు కాదు" అన్నారు.

అత్తయ్య ఆయన వంకా నా వంకా చూసింది. "అదేంటి బాబూ? తూకం సమానంగా వచ్చిందిగా?"

"రెండూ ఒకే తిండి తిన్నాయి పెద్దమ్మా. సమానంగా రాక ఏం చేస్తాయి? ఇక మేం దేంతో పోల్చి చూడాలి?"

ఆవిడకు అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. చీర కొంగు ఒక చేత్తో పట్టుకుని, రెండు బేసిన్ల వైపు చూస్తూ నిలబడింది. తర్వాత చిన్న గొంతుతో, "అంటే నేను పెట్టబట్టే పోతున్నాయా?" అంది.

దానికి జవాబు నేను చెప్పాలి. "నేను చెప్పాల్సింది అత్తయ్యా. చూసి కూడా చెప్పలేదు" అన్నాను. ఆ మాట ఆవిడ విందో లేదో తెలియదు.

డ్రైవరు క్రేట్లు దించి గూటి ముందు పెట్టాడు. డాక్టరుగారు మొహం పక్కకు తిప్పుకుని, "నువ్వు పట్టు సూదమ్మా. నీకు తెలిసినవి, బెదరవు" అన్నారు.

వంగి గూట్లోకి దూరి కూర్చున్నాను. ఇరవై నాలుగూ ఒక్కసారిగా నా మీదికి వచ్చాయి. ఇన్‌స్పెక్టరు నా పాదం మీదికెక్కి నిలబడింది. చెవిటిది చీర అంచు పొడిచింది. చేతులు చాపాలి, రెక్కల కింద వేళ్లు వేసి ఎత్తాలి. వెయ్యిసార్లు చేసిన పని. చేతులు కదల్లేదు. లేవమని చేతులకు చెబుతున్నాను, అవి ఒళ్లో అలాగే ఉన్నాయి. ఏడాదిగా అన్ని పనులూ నన్నడగకుండా చేసుకుపోయిన చేతులు.

"లే" అంది అత్తయ్య. ఎప్పుడు వచ్చిందో, గూటి తలుపు దగ్గర కొంగు నడుముకు దోపుకుని నిలబడి ఉంది. "లేచి బయటికి రా."

"నేను పడతాను అత్తయ్యా. ఒక్క నిమిషం."

"వద్దు. పోయినసారి నువ్వొక్కదానివే పట్టావు. నలభై ఒకటి. నేను అక్కడ కూర్చుని చూస్తూ కూడా లేవలేదు." ఆవిడ గొంతు మామూలుగానే ఉంది, నీళ్లు రావట్లేదని చెప్పినట్టు. "లేచి ఒక్కటైనా నీ చేతికి అందించి ఉండాల్సింది. ఏడాది నుంచీ చెబుదామనుకుంటున్నా, నోరు రాలేదు. రా బయటికి. ఈసారి నేను పడతా."

నా భుజం పట్టుకుని లేపింది. గీసుకుపోయిన వేళ్లు, ఆకు నలిపి నలిపి గరుకెక్కిన చెయ్యి. ఆ గరుకు నాకు తగిలింది. బయటికొచ్చి క్రేటు పక్కన కూలబడ్డాను. లోపల ఆవిడ వంగి, ఒక్కొక్కదాన్నీ దగ్గరికి పిలిచి, రెక్కలు అదిమిపట్టి ఎత్తుతోంది. నాకు కడుపులోంచి ఏడుపు తన్నుకొచ్చింది. డాక్టరుగారి ముందూ, డ్రైవరు ముందూ, కుర్చీ కోసం వచ్చి పెరటి తలుపులోంచి తొంగిచూస్తున్న ఎదురింటావిడ ముందూ గట్టిగా ఏడ్చాను. నలభై ఒకటికీ ఏడ్చాను, ఇరవై నాలుగుకీ ఏడ్చాను. గుండెలో నొప్పి, గొంతులో నొప్పి, ఎప్పుడు కాల్చుకున్నానో తెలియని అరచేతిలో నొప్పి. అన్నీ ఒక్కసారే తెలిశాయి.

అత్తయ్య గూట్లోంచి మొదటి కోడిని నా చేతిలో పెట్టింది.

"ఏడిస్తే ఏడువుగానీ," అంది, "ఆ మూత కాస్త ఎత్తి పట్టుకో."

ఎత్తి పట్టుకున్నాను.